పసుపు బస్సుకు నేనే దారి చూపించాను

జూన్ వచ్చిందంటే సర్కారు బడి పంతులు ఇంటింటికీ తిరిగి పిల్లల్ని అడుక్కోవాలి. దానికి బడిబాట అని మంచి పేరు పెట్టారు. వెనక డప్పు, చేతిలో కరపత్రాలు, ముందు నేను. ఉచితంగా పుస్తకాలు, బట్టలు, మధ్యాహ్నం అన్నం, గుడ్డు అని ప్రతి గడప ముందూ చెప్పుకుంటూ పోవాలి. జూన్ నెలలో నా గొంతుకూ, తోపుడుబండి మీద కూరగాయలు అమ్మేవాడి గొంతుకూ తేడా ఉండదు. కాకపోతే అతని వంకాయలు సాయంత్రానికి అమ్ముడుపోతాయి.

దామరచర్ల వైపు కాలువ దాటి లోపలికి పోతే వచ్చే తండా అది. ఒక గది, ఒక వరండా, ఐదు తరగతులు, ఒకే పంతులు. ఆ పంతులు నేనే. రోజూ మిర్యాలగూడ నుంచి బండి మీద వెళ్లేవాణ్ణి. పాఠం చెప్పడం ఎంతవరకు వచ్చో తెలియదు గాని, కోతలు కొయ్యడంలో నన్ను మించినవాడు ఆ మండలంలో లేడు. సాగర్ కాలువలో నేనొక చేపను పట్టాననీ, దాని తల దామరచర్లలో ఉంటే తోక మిర్యాలగూడ ఫ్లైఓవర్ కింద కొట్టుకుంటోందనీ చెప్పేవాణ్ణి. ఒకటో తరగతి నోరు తెరిచి నమ్మేది. ఐదో తరగతి మాత్రం "మరి నడుమ ఎవరు పట్టుకున్నరు సార్?" అనేది. అక్కణ్ణుంచి కిలోమీటర్లూ, మీటర్లూ, భాగహారమూ లాగేవాణ్ణి. నాకున్న బోధనా పద్ధతి అదొక్కటే.

బడిబాటలో మాత్రం తండావాళ్లు ఒకే ప్రశ్నతో నా నోరు కట్టేసేవాళ్లు.

"సారూ, మీ బిడ్డ ఏ బడికి పోతది?"

"ఇంకా చిన్నది" అన్నాను మొదటి ఏడు. మరుసటేడూ అదే అన్నాను. ఆ తర్వాతి ఏడు మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ముసలమ్మ పొయ్యి దగ్గర్నుంచే అందుకుంది.

"నువ్వు గా మాట అన్ననాడు పుట్టిన మేకపిల్ల గిప్పుడు మనుమలను ఎత్తింది సారూ. నీ బిడ్డ ఎప్పుడు పెరుగుతది?"

డప్పు కొట్టేవాడు కూడా ఆపి నవ్వాడు.

నా బిడ్డ ఎప్పుడో పెరిగింది. పసుపు బస్సెక్కి ఇంటర్నేషనల్ స్కూల్‌కు పోతోంది.

దానికో కథ ఉంది, ఇది కోత కాదు. దామరచర్ల దగ్గర పవర్ ప్లాంటు పని మొదలయ్యాక ఇంజనీర్లు వచ్చారు. వాళ్ల వెనక కిరాయి ఇళ్లు, బేకరీలు వచ్చాయి. వాటి వెనక మిర్యాలగూడలో ఈ స్కూల్ వచ్చింది. మా ఆవిడది కోదాడ. పెళ్లికి ముందు అక్కడొక ప్రైవేటు బడిలో రెండో తరగతికి చెప్పింది, కాబట్టి రంగుల బోర్డుల లోపల ఏముంటుందో ఆమెకు నాకంటే బాగా తెలుసు. "వాళ్లది సూర్యాపేటలో పాత బడి ఒకటుందండీ. ముందది చూద్దాం. చూశాక మీరేమన్నా వింటాను" అంది. తప్పులు పట్టడానికే వెళ్లాను నేను.

ఆడపిల్లల బాత్రూం తలుపు గడియ వేసి చూశాను. పడింది. కొళాయి తిప్పాను. నీళ్లొచ్చాయి. మళ్లీ గడియ వేశాను, తీశాను. "ఏం కావాలె సార్?" అని ఊడ్చే ఆమె అనుమానంగా అడిగేదాకా ఆ గడియతో ఆడుతూనే ఉన్నాను. నా బడిలో బాత్రూం కట్టించారు, నీళ్లు రావు. ఐదో తరగతి ఆడపిల్లలు మధ్యాహ్నం ఇంటికని పోయి మళ్లీ రారు. ఎందుకు రారో నేను అడగను, వాళ్లు చెప్పరు. తర్వాత నాకు లైబ్రరీ చూపించారు, ఆటస్థలం చూపించారు, కంప్యూటర్లు చూపించారు. అవేవీ నా కళ్లకు ఆనలేదు. ఆ గడియ దగ్గరే నేను ఓడిపోయాను.

వరండా నిండా ప్రపంచ దేశాల జెండాలు వేలాడుతున్నాయి. ఆ దేశాల పిల్లలు మాత్రం ఎవరూ లేరు. మిర్యాలగూడ బడిలో అందరికంటే దూరం నుంచి వచ్చింది ఒక ఒడిశా ఇంజనీరు కూతురు. అదే రోజుల్లో నా తండా బడిలో ప్లాంటు కట్టడానికి వచ్చిన కూలీల పిల్లలు బీహార్ వాళ్లు, జార్ఖండ్ వాళ్లు, ఒడిశా వాళ్లు ఉండేవాళ్లు. తండా పిల్లలు లంబాడీ భాషలో తిట్టుకుంటే వీళ్లు హిందీలో జవాబిచ్చేవాళ్లు. నేను తెలుగులో తీర్పు చెప్పేవాణ్ణి. బోర్డు మీద మాది కూడా ఇంగ్లీషు మీడియమే. అసలు అంతర్జాతీయ పాఠశాల నాదేనని మా ఆవిడతో అంటే, "జెండాలు కట్టించండి మరి" అంది.

ఆ స్కూల్ మంచిది కాదని అనలేను. అక్కడ కొట్టరు. క్లాసుకొక టీచరుంది. నలుగురిలో నోరెత్తని నా కూతురు ఏడాదిలో లేచి నిలబడి ప్రశ్నలు అడగడం నేర్చింది. నేను చేప కథ మొదలుపెడితే "డాడీ, మీకెలా తెలుసు? ఎవరు కొలిచారు?" అంటుంది. కోతల మీద బతికేవాడి ఇంట్లో ఇంతకంటే పెద్ద ఆపద లేదు. అయినా ఆ ప్రశ్న విన్న రోజు నాకు కళ్లు చెమర్చాయి.

మంచిదని కూడా అనలేను. ఇన్ని రైస్ మిల్లుల మధ్య పుట్టిన పిల్ల, బియ్యాన్ని మిల్లులో తయారు చేస్తారని రాసుకొచ్చింది. పచ్చిపులుసు పెడితే వాసన వస్తుందని డబ్బా వెనక్కి తెచ్చింది. క్లాసు టీచరు మీద ప్రాణం పెట్టుకునేసరికి ఆమె మానేసి ఇంకో ఆమె వస్తుంది. ఆమె మీద ప్రేమ పుట్టేసరికి ఆమె కూడా మానేస్తుంది. వాళ్లెందుకు మానేస్తారో మా ఆవిడను అడిగితే, తన పాత జీతం తలచుకుని నవ్వుతుంది. ఇంట్లో ఇంగ్లీషు తెలిసిన అమ్మ కూచుని హోంవర్కుకు అగ్నిపర్వతం బొమ్మలు చేసిపెడితేనే అక్కడ పిల్ల ముందుకు పోతుంది. అమ్మ పొలానికి పోయే ఇంటి పిల్ల ఆ క్లాసులో ఏమవుతుందో నాకు తెలుసు. కానీ ఇది చిన్న సంగతి. చెప్తే కథలా ఉండదు.

ముసలమ్మ అలా దెప్పిన జూన్‌లోనే నా బడికి గండం వచ్చింది. ప్లాంటు కట్టడం అయిపోవచ్చింది, కూలీలు పిల్లల్ని తీసుకుని వేరే పనులకు పోయారు. ఉన్న పిల్లలు కూడా తగ్గితే బడికి తాళం వేసి నన్ను పెద్ద ఊరి బడికి పంపుతామని పైనుంచి మాట వచ్చింది. పెద్ద ఊరంటే కాలువ దాటి, లారీలు తిరిగే రోడ్డు దాటి పోవాలి. బస్సెక్కే స్తోమత ఉన్నవాళ్లకు దాంతో బాధ లేదు. బాధంతా ముసలమ్మకే. కొడుకూ కోడలూ హైదరాబాదులో ఇళ్ల పనికి పోతే, రెండో తరగతి చదివే మనుమరాల్ని ఆమే సాకుతోంది.

"బడి ఉంటేనే నా పోరి సదువుతది సారూ. నాకు జీతం రాకున్నా సరే గాని, బడి మాత్రం పోనియ్యకు" అంది.

అప్పటికే పసుపు బస్సువాళ్లు తండాలో రంగుల కాగితాలు పంచి వెళ్లారు. కిరాణా కొట్టు ముందు జనం మూగి ఉంటే నేనూ డప్పూ పోయి నిలబడ్డాం. ప్లాంటులో గోడలు కట్టిన ఒక మేస్త్రి నన్ను చూసి అరుగు మీద చోటు ఇచ్చాడు. అతని బిడ్డలిద్దరూ నా దగ్గరే చదివేవాళ్లు, పెద్దది మూడు, చిన్నది ఒకటి.

"సారూ, మీ బిడ్డ గా బస్సు బడిలనే సదువుతుందంట గదా. సిన్నది సిన్నది అని మస్తు చెప్తిరి. ఇగ నిజం చెప్పుండ్రి, బడి ఎట్లుంటది?"

ఇక దాచేది లేదు. దాని చెడు చెప్పే హక్కు నాకే ఉందనుకున్నాను. మామూలు చెడు చెప్పి ఊరుకుంటే నేను నేనెందుకవుతాను?

"ఎట్లుంటదా? గాడ తెలుగు మాట్లాడనియ్యరు. ఒక పోరడికి క్లాసుల తేలు కుట్టింది. తేలును ఇంగ్లీషుల ఏమంటరో యాదికి రాలె. పాపం, సాయంత్రం బస్సెక్కేదాక పండ్లు బిగవట్టుకొని కూసున్నడు!"

అయ్యో అంటారని ఆగాను. మేస్త్రి తల ఊపాడు. "ఔ మల్ల! క్రమశిక్షణ అంటే గది. మన పిల్లలు చీమ కుడితే తండా లేపుతరు."

"ఏసీ పెట్టి సంపుతరు. మే నెలల స్వెట్టర్లు ఏస్కుంటరు. మా బిడ్డ డబ్బాల పెరుగు గడ్డగట్టింది. స్పూను దిగక కత్తితోని కోసుకొని తిన్నది."

"ఈ ప్లాంటు పక్కపొంటి ఎండల మా పిల్లలు మాడిపోతున్నరు సారూ" అంది ఒక తల్లి ఆశగా.

"హోంవర్కు పిల్లలకు గాదు, తల్లిదండ్రులకు ఇస్తరు! నేను పండుగనాడు గూడ అగ్గి కక్కే కొండ చేస్కుంట కూసున్న."

"అంటే మనకు గూడ సదువు చెప్తరా?" అన్నాడు కొట్టువాడు.

అప్పుడైనా ఆపాల్సింది. నాలుక నా మాట వింటేగా. "గుర్రమెక్కిస్తరు! గుర్రమెక్కనోళ్లను పై తరగతికి పంపరు. ఆ గుర్రానికి గూడ తెలుగు రాదు" అన్నాను.

ఆ బడిలో గుర్రం లేదు. కనీసం బొమ్మగుర్రం కూడా లేదు.

మేస్త్రి తన అరచేతులు చూసుకుంటూ అన్నాడు: "మా తాతల తాతలు ఎద్దుల మీద ఉప్పు మోసుకుంట దేశాలు తిరిగిండ్రంట. నేను ఇటుకలు మోసిన. నా బిడ్డ గుర్రమెక్కుతదా సారూ?"

డప్పువాడు నా వైపు చూసి, డప్పు చంకన పెట్టుకుని ఇంటికి పోయాడు. తిరిగి వస్తుంటే ముసలమ్మ అడ్డంగా నిలబడింది. "నువ్వు మన బడి నిలబెడుతున్నవా, ఆళ్ల బడి అమ్మిపెడుతున్నవా?" అంది.

మర్నాడు మేస్త్రినే పట్టుకుని బతిమాలాను. అతను మంచివాడు, మొహం చాటేయలేదు. "ఒక్కటే మాట సారూ. మీ బిడ్డను గీ బడిల వెయ్యుండ్రి. మా పిల్లలు గీడనే ఉంటరు. తండా మొత్తం ఉంటది. నేను జిమ్మేదార్."

బండి మీద ఇంటికి వస్తున్నంతసేపూ నేను మనసులో ఒప్పేసుకున్నాను. ఊరి పొలిమేర దాటేసరికి పేపర్లో నా ఫోటో కూడా పడింది. ఇంట్లోకి అడుగుపెట్టాక ఆ ఫోటో కనిపించలేదు. మా ఆవిడ బట్టలు మడతపెడుతూ అంతా విన్నది.

"మీరు మీటింగుకు వెళ్లిన రోజు మీ బడి ఏమవుతుంది?"

"తాళం."

"ఎన్నికల డ్యూటీ పడితే?"

"తాళం."

"ఐదు తరగతులకు ఒకేసారి పాఠం ఎట్లా చెప్తారు?"

"కథ చెప్తా."

"కథ బాగానే ఉంటుందండీ. నేను కూడా వింటాను. మూడో క్లాసు పిల్ల మీ దగ్గర పేజీ చదువుతుందా? నిజం చెప్పండి, చేప కథ వద్దు."

నేను హెల్మెట్ మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టాను. ఆమె మడత ఆపి, కొంచెం మెత్తగా అంది: "ఆ బడి గొప్పదని నేననట్లేదు. దాంట్లో సగం బోర్డే. కానీ మీరు తండాని కాపాడటానికి మన పిల్లని పణంగా పెడితే ఎట్లా? తండా పిల్లలకి కావల్సింది ఇంకో టీచరు. మన పిల్ల కాదు."

ఆమె మాట నిజం. మేస్త్రి మాట కూడా నిజం. రెండు నిజాల మధ్య అబద్ధాలవాడికి నిలబడే చోటు దొరకదు. అందుకే మధ్యేమార్గం ఒకటి వెతికాను. ఇంటర్నేషనల్ బడికి శనివారం సెలవు, నా బడికి లేదు. శనివారాలు నా కూతుర్ని తండా బడిలో కూచోబెడతాను. పంతులు బిడ్డ తమ పిల్లల పక్కన చాప మీద కూచోవడం తండా చూస్తుంది. "ప్రదర్శనకి పెడతారన్నమాట" అంది మా ఆవిడ. అయినా పిల్లకు తల దువ్వి పంపింది.

పిల్ల సంబరంగా వచ్చింది. ముసలమ్మ మనుమరాలి పక్కనే కూచుంది. ఇద్దరూ కాసేపట్లో చెవులు కొరుక్కోవడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం ముసలమ్మ దాని పళ్లెంలో గుడ్డు ఒలిచి పెట్టి, "మీ నాయనకంటె నువ్వే నయం బిడ్డా, తక్కువ మాట్లాడుతవు" అంది. నాకు ప్రాణం లేచివచ్చింది. పని అయ్యేటట్టుందనిపించింది.

అన్నాల తర్వాత మేస్త్రి ప్లాంటు నుంచి నేరుగా వచ్చాడు. మెడలో తాడుకు కార్డు వేలాడుతోంది. నా కూతురు దాన్ని చేత్తో పట్టుకుని తిప్పి, వెనకవైపు ఉన్న చిన్న ఇంగ్లీషు అక్షరాలు గలగలా చదివేసింది. అక్కడితో ఆగలేదు. "పైన పనిచేసేటప్పుడు బెల్టు హుక్కు తగిలించుకోవాలంట అంకుల్. గాలి ఎక్కువుంటే ఎక్కొద్దంట. మీకు చెప్పలేదా?" అంది.

మేస్త్రి కార్డు వైపు చూసుకున్నాడు.

"ఇన్నేండ్ల సంది మెడల ఏస్కొని తిరుగుతున్న. లోపటికి పోనిచ్చేటి బిళ్ల అనుకున్న. దీనెనక గింత ఉన్నదని తెల్వదు" అన్నాడు. తర్వాత తన పెద్ద బిడ్డను పిలిచాడు. "నువ్వు సదువు, సూద్దాం."

నా దగ్గర మూడో ఏడు చదువుతున్న పిల్ల. కార్డు పట్టుకుంది. మొదటి అక్షరం అంది. రెండోది అంది. అక్కడ ఆగిపోయి నా వైపు చూసింది. తప్పు తనదైనట్టు చూసింది.

మేస్త్రి నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. కార్డును చొక్కా లోపల వేసుకుని, "మీరు మీ బిడ్డను గీడికి తెచ్చి మంచి పని జేసిండ్రు సారూ. ఇగ నాకు డౌటు లేదు" అన్నాడు.

ఆ తర్వాతి సోమవారం పసుపు బస్సు కాలువ వంతెన దాటి తండా లోపలికి వచ్చింది. మేస్త్రి పిల్లలు ఎక్కారు. వాళ్లను చూసి కొట్టువాడి పిల్లలు, వాళ్లను చూసి మిగతావాళ్లు ఎక్కారు. పుస్తెలు కుదువ పెట్టినవాళ్లూ ఉన్నారు, ఎడ్లను అమ్మినవాళ్లూ ఉన్నారు. వర్షాకాలం పోయేసరికి నా గదిలో ముసలమ్మ మనుమరాలు ఒక్కతే మిగిలింది. ఒక్క పిల్లకు చేప కథ చెప్పి చూశాను. నవ్వడానికి పక్కన ఎవరూ లేక, అదీ నవ్వలేదు. దసరా సెలవులు అయ్యాక నన్ను సర్దుబాటు అని పెద్ద ఊరి బడికి పంపారు. తాళం నేనే వేశాను. ముసలమ్మ వంట గంజులు కడిగి బోర్లించి, చెయ్యి తుడుచుకుని బయటికి వచ్చింది.

తర్వాత మిర్యాలగూడలో తల్లిదండ్రుల సమావేశంలో మేస్త్రి కనిపించాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీ అంచు మీద కూచున్నాడు. గుర్రం సంగతి అడుగుతాడేమోనని భయపడ్డాను. అడగలేదు.

"మా పిల్లలు క్లాసుల అసలే మాట్లాడ్తలేరంటున్నరు సారూ. ఇంటికాడ ట్యూషన్ పెట్టియ్యమన్నరు. తండల ఎవరున్నరు చెప్పెటందుకు?" అన్నాడు. కుర్చీ నా వైపు జరుపుకుని, "మెల్లమెల్లగ వస్తదంటరా?" అని అడిగాడు.

"వస్తది" అన్నాను. ఎన్ని కోతలు కోశానో నా జీవితంలో, ఏ ఒక్కటీ అంత పొట్టిగా లేదు.

పెద్ద ఊరి బడికి పోయే దారి తండా మలుపు మీదుగానే. ముసలమ్మతో మాట్లాడి, మనుమరాల్ని రోజూ వంతెన దగ్గర బండి ఎక్కించుకుంటానన్నాను. "నీకు ట్రాన్స్‌ఫర్ అయితేనో?" అంది. అప్పటి సంగతి అప్పుడు చూద్దామన్నాను. కొన్నాళ్లు బాగానే సాగింది. పిల్ల నా వెనక చొక్కా పట్టుకుని కూచునేది. లారీ ఎదురొస్తే గట్టిగా పట్టుకునేది. కొత్త బడిలో ఎవరూ తెలియక వరండాలో నా క్లాసు గుమ్మం దగ్గరే తిరిగేది.

ఒక పొద్దున వంతెన మీద ముసలమ్మ ఒక్కతే నిలబడి ఉంది. నడుముకు పత్తి ఏరే ఒడి కట్టుకుంది.

"ఇగ రాదు సారూ. వంట పని పాయె. ఇద్దరం ఏరితేనే ఇల్లు ఎల్లుతది."

"పత్తి అయినంక పంపు."

"పత్తి అయితే మిరపకాయలు" అంది. నన్ను తిట్టలేదు, మేకల గురించి ఏమీ అనలేదు. చేన్లోకి దిగింది. దూరంగా మొక్కల మధ్య పిల్ల తల కనిపించి, వంగినప్పుడు మళ్లీ కనిపించలేదు. పిలుద్దామనుకున్నాను. వెనక పసుపు బస్సు హారన్ కొడుతుంటే, బండి పక్కకు తీసి దారి ఇచ్చాను.